ఇంట్లో టైమింగ్స్ మారితే కుక్క ఎందుకంత తల్లడిల్లుతుంది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ బ్రూనోకి నాలుగేళ్లు. వాడు వచ్చినప్పటి నుంచీ మీరు ఇంట్లోనే ఉండి పనిచేశారు. మూడు వారాల క్రితం మీకు ఆఫీసు మొదలైంది. అదే వారం మీవారికి నైట్ షిఫ్ట్ పడింది. ఉదయం ఏడింటి వాకింగ్ ఐదున్నరకు జరిగింది, ఏడున్నరకు తినేవాడికి ఇప్పుడు ఆరింటికే గిన్నె పెడుతున్నారు. మీరు ఎనిమిదికి వెళ్లి సాయంత్రం ఆరున్నరకు వస్తున్నారు. మీవారు ఉదయం ఏడుకు వచ్చి, ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా గది తలుపు వేసుకుని పడుకుంటున్నారు. సాయంత్రం వాకింగ్ ఒకరోజు ఉంటోంది, ఒకరోజు ఉండటం లేదు. రాత్రి తిండి ఎనిమిదికీ పదిన్నరకూ మధ్య ఎప్పుడో పడుతోంది. బ్రూనో పొద్దున తిండి ముట్టడం లేదు. గది తలుపు గీరుతున్నాడు. రెండుసార్లు మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో హాల్లో మూత్రం పోశాడు. సాయంత్రం మీరు వచ్చాక బాత్రూముకి వెళ్లినా వెంటే వస్తున్నాడు. 'మా మీద కోపంతో చేస్తున్నాడా, అలవాటు పడతాడా, పడితే ఎన్నాళ్లకు' అని అడిగారు.

కోపం కాదు. ఇది నమ్మకంగా చెప్పగలను. ఇరవై ఏళ్లుగా ఇళ్లకు వెళ్లి కుక్కల ప్రవర్తన చూస్తున్నాను. యజమానికి బుద్ధి చెప్పాలని హాల్లో మూత్రం పోసిన కుక్కను నేను ఇంతవరకూ చూడలేదు. మిగతా రెండు ప్రశ్నలకు కొంచెం వివరంగా చెప్పాలి.

అన్నిటికన్నా ముందు మూత్రం సంగతి లెక్క వేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క పగటిపూట ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకోగలదు. మీ బ్రూనో ఐదున్నరకు బయటికి వెళ్లొస్తే మళ్లీ బయటికి వెళ్లేది మీవారు లేచాక, మూడున్నరకు. అంటే పది గంటలు. ఇదివరకు మధ్యాహ్నం ఒంటిగంటకు మీరు ఐదు నిమిషాలు కిందికి తీసుకెళ్లేవారు, అది పూర్తిగా పోయింది. వాడు హాల్లో పోసింది ఎనిమిదిన్నర గంటలు గడిచాక. వాడు చేతనైనంత సేపు ఆపుకున్నాడు, ఆపైన కాలేదు. మీవారు పడుకోబోయే ముందు, ఎనిమిదింపావుకు, పది నిమిషాలు బయట తిప్పుకొస్తే ఆ పది గంటలు ఏడుంపావుకు తగ్గుతాయి. నా అంచనా ప్రకారం ఈ ఒక్క మార్పుతోనే హాల్లో మూత్రం ఆగిపోవాలి. ఆగకపోతే, లేదా మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా, నీళ్లు ఎక్కువ తాగుతున్నా, మూత్రంలో రక్తం కనిపించినా, దినచర్య గురించి ఆలోచించడం పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించి మూత్రపరీక్ష చేయించండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్‌ను 'అలిగాడు' అనుకుని వారాలపాటు వదిలేసిన ఇళ్లు చూశాను. ఆ కుక్కలు పడిన బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మూత్రం చూసి తిట్టారా అని మిమ్మల్ని అడగను. తిట్టి ఉంటే మాత్రం ఇక వద్దు. తల వంచి, చెవులు వెనక్కి పెట్టి, ఓరగా చూస్తే 'తప్పు తెలుసు వాడికి' అనుకుంటాం. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో దీన్ని పరీక్షించి చూశారు. యజమానులు తినొద్దని చెప్పి గది బయటికి వెళ్లాక, కుక్క ఆ తినుబండారాన్ని తిన్నదో లేదో యజమానికి ఒక్కోసారి నిజం చెప్పారు, ఒక్కోసారి తప్పు చెప్పారు. తప్పు చేసిన కుక్క, చేయని కుక్క అన్న తేడా ఆ ముఖాల్లో కనిపించలేదు. తిట్లు తిన్న కుక్కే ఆ ముఖం పెట్టింది. మనం తప్పు ఒప్పుకోవడం అనుకునేది నిజానికి మన కోపాన్ని చూసి బెదరడం. ఇప్పటికే అయోమయంలో ఉన్నవాడికి, మీరు ఇంటికొచ్చే క్షణం కూడా భయపడాల్సిన క్షణం అయిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కుక్కకు టైమ్ ఎలా తెలుస్తుంది? కొంత ఒంట్లోనే ఉంటుంది. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల గురించి చెప్పేటప్పుడు అందరూ తిండికి ముందు గంట మోగించడం గురించి చెబుతారు. ఆయన ప్రయోగశాలలో గంటా లైటూ ఏమీ లేకుండా, సరిగ్గా అరగంటకోసారి తిండి పెట్టడం కూడా చేశారు. కొన్నాళ్లకు అరగంట దగ్గరపడేసరికి కుక్క నోట్లో దానంతటదే లాలాజలం ఊరడం మొదలైంది. ఏ గుర్తూ లేకపోయినా గడిచిన కాలమే గుర్తయింది. మీ బ్రూనో పొట్ట కూడా అలాగే ఏడున్నరకు సిద్ధమవడం నేర్చుకుంది. ఆరింటికి గిన్నె పెడితే ఆ పొట్ట ఇంకా నిద్రలోనే ఉంటుంది.

అయితే ఇళ్లల్లో ఉండే కుక్కలు ఒంట్లోని గడియారం కన్నా ఇంట్లోని గుర్తుల మీద ఎక్కువ ఆధారపడతాయని నా అనుభవం. మా కుక్క జూలీ రోజూ నేను వచ్చే ముందే వెళ్లి తలుపు దగ్గర కూర్చునేదని ఇంట్లోవాళ్లు మురిసిపోతూ చెప్పేవారు. నేనూ అది గడియారం చూసినట్టు టైమ్ పసిగడుతోందనే అనుకున్నాను. స్కూళ్లకు సెలవులు ఇచ్చిన రోజున సంగతి బయటపడింది. పై ఇంటి పిల్లల్ని దింపే స్కూలు బస్సు రోజూ నాకన్నా పది నిమిషాల ముందు వచ్చి హారన్ కొట్టేది. ఆ రోజు బస్సు లేదు. నేను తలుపు తీసేదాకా జూలీ నిద్రలోనే ఉంది. దాని లెక్క ఇది: బస్సు హారన్, తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు, తర్వాత నేను. కుక్క రోజును గంటలుగా కాకుండా పూసలు గుచ్చినట్టు గుర్తు వెంట గుర్తుగా దాచుకుంటుంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఆ దండ తెగింది. పూసలు అవే ఉన్నాయి, వరస మారింది. మీరు రాసిన దాంట్లో ఒక చిన్న వాక్యం నాకు చాలా పెద్దదిగా అనిపించింది: ఇదివరకు ల్యాప్‌టాప్ మూత మూసిన చప్పుడు వింటే చాలు, బ్రూనో గంతులేస్తూ బెల్టు దగ్గరికి పరిగెత్తేవాడు అన్నారు. నాలుగేళ్లు ఆ చప్పుడుకు అర్థం 'ఇక అమ్మ నాతో ఉంటుంది' అని. ఇప్పుడు మీరు పొద్దున అదే ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోతున్నారు. వాడికి అన్నిటికన్నా సంతోషం కలిగించిన గుర్తు, ఇప్పుడు అన్నిటికన్నా చెడ్డ వార్త తెస్తోంది. ఇలాంటి గుర్తులు రోజులో ఐదారు తారుమారైతే దేన్ని నమ్మాలో తెలియక కుక్క మనిషినే అంటిపెట్టుకుంటుంది. మీ వెంట బాత్రూము దాకా రావడం అందుకే.

కాబట్టి పాత టైములు తిరిగి రావాలని మీరు కష్టపడనక్కర్లేదు. అది మీ చేతుల్లోనూ లేదు. వాడికి కావాల్సింది తర్వాత ఏమవుతుందో ముందుగా తెలియడం. పందిరికి గుంజలు నాటినట్టు రోజులో మూడు నాలుగు చోట్ల కదలని పనులు నాటండి. మధ్యలో మిగతాది కాస్త ఊగినా పర్వాలేదు.

మీ ఇంటికి నేనైతే ఇలా పెడతాను. ఐదున్నర వాకింగ్ అలాగే ఉంచండి. ఇంటికి రాగానే నీళ్లు. ఆరింటికి గిన్నె పెట్టడం మానేయండి. మీవారు ఏడుకు వచ్చి, కాళ్లు కడుక్కుని, ఏడుంపావు, ఏడున్నర మధ్యలో గిన్నె పెట్టాలి. దీంట్లో రెండు లాభాలు ఉన్నాయి. ఒకటి, పొట్టకు పాత టైమే దొరుకుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. మూడు వారాలుగా తిండి గిన్నె చప్పుడు తర్వాత వచ్చేది మీరు వెళ్లిపోవడమే. చాలా కుక్కలు అలాంటప్పుడు ఆకలి ఉన్నా గిన్నె ముట్టవు, ఎందుకంటే వాటికి గిన్నె కూడా వీడ్కోలులో భాగం అయిపోతుంది. ఒక మనిషి ఇంటికి రావడంతో తిండి ముడిపడితే ఆ పాత ముడి విడిపోతుంది. ఇరవై నిమిషాలు గిన్నె ఉంచి, తినకపోతే ఏమీ అనకుండా తీసేయండి. బతిమాలుతూ చేత్తో తినిపించడం, మూడు రకాలు మార్చి మార్చి పెట్టడం వద్దు. అది ఇంకో కొత్త వరస అయి కూర్చుంటుంది. పూర్తిగా ఒకరోజంతా ఏమీ తినకపోతే మాత్రం డాక్టర్‌కు ఫోన్ చేయండి.

రాత్రి తిండి కూడా ఒక గుంజే. ఎనిమిది అంటే ఎనిమిది. మీకు ఎనిమిదిన్నరే వీలైతే దాన్నే ఖాయం చేయండి. జరపాల్సి వచ్చినప్పుడు రోజుకు పది, పదిహేను నిమిషాల చొప్పున జరపండి, ఒక్కసారిగా గంటన్నర జరిపితే కొన్ని కుక్కలకు పొట్ట చెడుతుంది. రాత్రి త్వరగా తిని పొద్దున ఆలస్యంగా తినే కుక్క తెల్లవారుజామున పసుపుపచ్చ నురగ కక్కుకోవడం మీరు చూసే ఉంటారు. ఖాళీ పొట్టలోకి పైత్యరసం ఎగదన్నడం వల్ల అలా అవుతుంది. పడుకునే ముందు రోజువారీ తిండిలోంచే కొంచెం మిగిల్చి పెడితే చాలావరకు తగ్గుతుంది. ఇంకో మాట. టైమ్ చాలక తిండినీ పరుగులనూ ఒకదాని వెంట ఒకటి పెట్టకండి. ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. తిన్నాక కనీసం ఒక గంట పరుగులు పెట్టించకుండా నింపాదిగా ఉండనివ్వండి.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది మీ సాయంత్రం వాకింగ్. ఉండి లేకపోవడం అనేది అసలు లేకపోవడం కన్నా కష్టం. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ దొరికే దాని మీద ఆశ అంత తేలిగ్గా చావదు. రోజూ సాయంత్రం ఐదు నుంచి వాడు కిటికీ దగ్గర నిలబడి రొప్పుతున్నాడని రాశారు కదా, అది ఈ ఆశే. గంట వాకింగ్ రెండ్రోజులకోసారి చేసే బదులు, పదిహేను నిమిషాలే అయినా రోజూ చేయండి. ఆ పదిహేను నిమిషాలూ వాడిని లాగకండి. ఎక్కడ ఆగి వాసన చూస్తే అక్కడ ఆగండి. ఒక చెట్టు మొదట్లో మూడు నిమిషాలు ముక్కు పెట్టి ఉంచినా తొందర పెట్టకండి. వాసన చూడటం కుక్కకు మెదడుకు పెట్టే మేత. గబగబా అరగంట నడిచొచ్చిన కుక్క కన్నా పావుగంట వాసన చూసొచ్చిన కుక్క ఇంట్లో హాయిగా పడుకోవడం నేను వందలసార్లు చూశాను.

నిజంగా వెళ్లలేని రోజు ఉంటుంది. ఆ రోజు కోసం ఒక 'లేదు' గుర్తు పెట్టుకోండి. నేను చెప్పేది ఇది: ఒక పాత చాప, దాన్ని వాకింగ్ లేని రోజు మాత్రమే పరవాలి. పరిచి, దాని మీద పది నిమిషాలు ముక్కుతో వెతికే ఆట ఆడించాలి, మడతపెట్టిన తువ్వాలు పొరల్లో తిండి గింజలు దాచి వెతుక్కోమనడం లాంటిది. అయ్యాక చాప మడిచి 'అయిపోయింది' అని ఒకే మాట, ప్రతిసారీ అదే గొంతుతో. మొదట నాలుగైదుసార్లు వాడికి అర్థం కాదు. తర్వాత చాప చూడగానే కిటికీ దగ్గర కాపలా మానేస్తాడు. 'లేదు' అని తేటగా చెబితే కుక్క తట్టుకుంటుంది. చెప్పీ చెప్పకుండా ఊరిస్తేనే తట్టుకోలేదు.

గది తలుపు గీరడం గురించి. మీవారు ఇంట్లోనే ఉన్నారు, వాసన వస్తోంది, ఊపిరి వినిపిస్తోంది, కానీ అందుబాటులో లేరు. మనిషి బయటికి వెళ్లిపోవడం కన్నా ఇది వాడికి వింతగా ఉంటుంది. అన్నిటికన్నా తేలిక మార్గం, మీవారికి ఇబ్బంది లేకపోతే, వాడినీ గదిలోనే పడుకోనివ్వడం. పెద్ద కుక్కలు రోజు మొత్తం మీద పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు నిద్రపోతాయి, పగలు నిద్రపోవడం వాటికి కొత్తేమీ కాదు. గదిలో వాడి పరుపు వాడికి విడిగా వేసి, మొదటి నాలుగు రోజులు చూడండి. చాలా ఇళ్లల్లో సమస్య ఇక్కడితో తీరిపోయింది. 'అలవాటు చెడిపోతుందేమో' అని కొందరు భయపడతారు. నాకు ఆ భయంలో అర్థం కనిపించలేదు.

మీవారికి నిద్ర చెడుతుందంటే, తలుపు పక్కనే పరుపు వేసి మీవారు విడిచిన చొక్కా ఒకటి అందులో పెట్టండి. గీరినప్పుడు తలుపు తీయకూడదు, ఆపినప్పుడు తీయాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇన్నాళ్లూ గీరితే తలుపు తెరుచుకుంది కాబట్టి, మీరు తెరవడం మానేసిన మొదటి రోజుల్లో గీరడం తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన పద్ధతి పనిచేయకపోతే దాన్నే ఇంకా గట్టిగా చేసి చూడటం ఏ ప్రాణికైనా సహజం. నాలుగో రోజున విసిగి తలుపు తీశారంటే, 'ఇంత గట్టిగా గీరితేనే తెరుచుకుంటుంది' అని నేర్పినట్టవుతుంది. ఆగగలిగితేనే మొదలుపెట్టండి. ఆగలేమనిపిస్తే గదిలోకి రానివ్వడమే మేలు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. దినచర్య మారిన కంగారు వేరు, ఒంటరిగా ఉండాలంటే వణికిపోయే జబ్బు వేరు. మొదటిది వరస కుదిరితే తగ్గుతుంది. రెండోది దానంతటది తగ్గదు, వదిలేస్తే ముదురుతుంది. బ్రూనో విషయంలో మీవారు ఇంట్లో ఉంటున్నారు కాబట్టి ఇప్పటికి మొదటిదే అని నా అభిప్రాయం, కానీ ఇద్దరూ లేని సమయంలో ఏం చేస్తున్నాడో మీరు చూడలేదు. ఒక పాత ఫోన్‌ను కెమెరాగా పెట్టి, ఇద్దరూ బయటికి వెళ్లినప్పటి మొదటి అరగంట రికార్డ్ చేయండి. ఒంటరితనం భయం ఉన్న కుక్కల్లో లక్షణాలు చాలావరకు ఆ మొదటి అరగంటలోనే బయటపడతాయి. ఎంతసేపు వదిలి వెళ్లామన్నది వాటికి తెలుస్తుందా అంటే, స్వీడన్‌లో ఇద్దరు పరిశోధకులు 2011లో 12 కుక్కల్ని అరగంట, రెండు గంటలు, నాలుగు గంటలు ఒంటరిగా వదిలి గమనించారు. అరగంట తర్వాత కన్నా రెండు గంటల తర్వాత వచ్చిన యజమానిని కుక్కలు మరింత ఉత్సాహంగా పలకరించాయి. రెండు గంటలకూ నాలుగు గంటలకూ మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. అంటే ఎంతసేపు గడిచిందో వాటికి కొంతవరకు తెలుస్తుంది, కానీ మనం వేసుకునే గంటల లెక్క వాటిది కాదు.

వీడియోలో ఒకటి రెండు నిమిషాలు తలుపు వైపు చూసి, కాస్త కుయ్యిమని, వచ్చి పడుకున్నాడంటే కంగారు పడక్కర్లేదు. ఆగకుండా ఊళ పెట్టడం, చొంగ కారి నేల తడవడం, తలుపు చట్రం కొరికి పళ్లు, గోళ్లు దెబ్బతినడం, ప్రాణంగా ఇష్టపడే ట్రీట్ పక్కనే ఉన్నా ముట్టకపోవడం కనిపిస్తే అది భయం. అప్పుడు నేను పైన చెప్పిన, గీరినా తలుపు తీయకండి లాంటి సలహాలేవీ వర్తించవు. ఆ స్థితిలో ఉన్న కుక్కను క్రేట్‌లో, అంటే కుక్కల బోనులో, పెట్టి తాళం వేయడం ఎప్పుడూ చేయకండి, బయటికి రావాలన్న ఆరాటంలో నోరు చీల్చుకున్నవి ఉన్నాయి. తోడు కోసమని రెండో కుక్కను తేవడమూ వద్దు. అది కోరుకునేది మనిషిని, ఇంకో కుక్కను కాదు. కుక్కల ప్రవర్తన తెలిసిన డాక్టర్‌ను కలవండి. దీనికి మందులు ఉన్నాయి. క్లోమిప్రమిన్‌కు 1998లో, ఫ్లూఆక్సెటిన్‌కు 2007లో అమెరికాలో కుక్కల్లోని ఈ సమస్యకే అనుమతి వచ్చింది. ఇవి కుక్కను మత్తులో పడేసే మందులు కావు, భయం మోతాదు తగ్గించి నేర్చుకునేలా చేస్తాయి. పూర్తి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ట్రైనింగ్ కూడా జతగా ఉండాలి. ఇంట్లో మీ కోసం ఉన్న మాత్రలు మాత్రం దేనికీ వేయకండి. మనం ఒళ్లు నొప్పులకు వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కూడా కుక్కకు విషం కావచ్చు.

భయం లేకపోయినా, వెళ్లే ముందు గుర్తుల్లోని విషం తీసేయడం మంచిది. సెలవు రోజున ల్యాప్‌టాప్ మూసి, బ్యాగులో పెట్టి, భుజాన వేసుకుని, వెళ్లి సోఫాలో కూర్చోండి. మళ్లీ గంట తర్వాత తాళాలు తీసి గలగలలాడించి, వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగండి. చెప్పులు వేసుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి రండి. రోజుకు ఎనిమిది, పదిసార్లు, ప్రతిసారీ ఏమీ జరగనట్టే. వాడు తల ఎత్తి చూడటం కూడా మానేశాక, తలుపు బయటికి వెళ్లి పది సెకన్లు, తర్వాత అర నిమిషం, తర్వాత రెండు నిమిషాలు. వాడు కంగారు పడకముందే వెనక్కి రావడం ఇందులో కిటుకు. వెళ్లేటప్పుడు వాడి మెడ పట్టుకుని ఐదు నిమిషాలు బుజ్జగించడం మీకు ఓదార్పు కావచ్చు. వాడికి మాత్రం ఏదో పెద్దది జరగబోతోందన్న సంకేతం. మామూలు గొంతుతో ఒకే మాట చెప్పి వెళ్లండి.

ఆదివారం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. వారమంతా దూరంగా ఉన్నామన్న బాధతో ఆదివారం రోజంతా వాడిని పక్కనుంచి కదలనివ్వడం లేదని రాశారు. మీ ప్రేమ నాకు అర్థమవుతోంది. కానీ ఆదివారం ఇరవై నాలుగు గంటలూ ఒళ్లో, సోమవారం అసలు లేకుండా, ఈ ఎత్తుపల్లాలు వాడికి ప్రతి వారం కొత్త మార్పే. ఆదివారం కూడా గుంజలు కదలకూడదు. వాకింగ్, తిండి అదే సమయాలకు, మధ్యాహ్నం ఒక గంట మీరు ఒక గదిలో, వాడు ఇంకో గదిలో. 2020 లాక్‌డౌన్ తర్వాత నాకు వచ్చిన ఫోన్లలో చాలా భాగం ఇలాంటివే. ఇంటినిండా మనుషులున్న రోజుల్లో పెరిగిన కుక్కపిల్లలు, ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండటం నేర్చుకోలేదు. కుక్కకు ఒంటరిగా ఉండటం కూడా నేర్పాల్సిన విద్యే, మనం ఇంట్లో ఉన్నప్పుడే నేర్పాలి.

'అలవాటు పడ్డాడో లేదో ఎలా తెలుస్తుంది' అంటే, దీనికి నా సొంత తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నా పని వేళలు ఒక్కసారిగా మారాయి. మొదటి వారం జూలీ మొరిగింది, గుమ్మం దగ్గర తిరిగింది. రెండో వారానికి చప్పుడు లేదు. అలవాటు పడిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. నెల గడిచాక వేరే పని మీద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బరువు కిలోన్నర తగ్గింది. ఇంటికి వచ్చి గమనిస్తే రోజంతా గుమ్మం దగ్గర ముడుచుకుని, చెవులు నిక్కబొడుచుకునే పడుకుంటోంది. బొమ్మ ముట్టి ఎన్నాళ్లయిందో. అది సర్దుకోలేదు, అడగడం మానేసింది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం మీరు వినే ఉండొచ్చు. తప్పించుకునే దారి లేకుండా షాకులు తిన్న కుక్కలు, తర్వాత దారి ఉన్నచోట కూడా ప్రయత్నం మానేసి పడి ఉన్నాయి. ఆ ప్రయోగం క్రూరమైనది, దాన్ని సమర్థించలేను. కానీ అది చూపించిన నిజాన్ని నేను మా ఇంట్లో, నా కళ్లముందే, నెలరోజులు గుర్తుపట్టలేదు. అందుకే నిశ్శబ్దాన్ని నమ్మకండి. తిండి, ఆట, నిద్ర చూడండి. నెలకోసారి బరువు తూచండి. నిద్ర మబ్బు లేకుండానే ఆవలించడం, తిండి కనిపించకపోయినా పెదాలు నాకడం, చల్లగా ఉన్నా రొప్పడం, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ లోపల టెన్షన్ ఉందని చెప్పే గుర్తులు.

మీ టెన్షన్ సంగతి కూడా చూసుకోండి. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో 58 కుక్కల వెంట్రుకల్లో, వాటి యజమానుల జుట్టులో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను కొలిచారు. యజమానిలో దీర్ఘకాలంగా ఎక్కువగా ఉంటే కుక్కలోనూ ఎక్కువగానే ఉంది. కొత్త ఆఫీసు, రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, ఇవన్నీ మీ ఇద్దరినీ నలిపేస్తున్నాయని మీ రాతలోనే తెలుస్తోంది. మీరు సాయంత్రం ఇంటికి వచ్చాక మొదటి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి నేల మీద వాడి పక్కన కూర్చోండి. ఆడించక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. ఇది కూడా ఒక గుంజే, మీ ఇద్దరికీ.

ఎన్నాళ్లు అంటే, వరస ఖాయంగా ఉన్న ఇళ్లల్లో రెండు మూడు వారాల్లో సగానికి పైగా సర్దుకోవడం, ఒకటి రెండు నెలల్లో పూర్తిగా కుదురుకోవడం నేను ఎక్కువగా చూశాను. మీ ఇంట్లో మూడు వారాలు గడిచాయి గానీ వాడికి ఇంకా మొదటి రోజు రాలేదు, ఎందుకంటే ఏ రెండు రోజులూ ఒకేలా లేవు. లెక్క మీరు గుంజలు నాటిన రోజు నుంచి పెట్టుకోండి. మీవారి షిఫ్ట్ వారం వారం మారే పద్ధతిలోకి వెళ్తే కంగారు పడకండి, కుక్క రెండు వరసల్ని కూడా నేర్చుకుంటుంది. నైట్ షిఫ్ట్ వారంలో వాడి పరుపు ఒకచోట, పగటి షిఫ్ట్ వారంలో ఇంకోచోట వేస్తే, ఏ వరస నడుస్తోందో వాడికి పరుపు చెబుతుంది.

ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకు ఒక రెండు మాటలు. కుక్కకు ఇన్సులిన్ గానీ, ఫిట్స్ మాత్రలు గానీ పన్నెండు గంటలకోసారి నడుస్తుంటే, ఇంటి వేళలు మారినా మందు వేళలు మీ అంతట మీరు జరపకండి, డాక్టర్‌ను అడిగి మెల్లగా జరపాలి. ముసలి కుక్క రాత్రంతా తిరగడం, గోడ వైపు చూస్తూ నిలబడటం, తెలిసిన గదిలో దారి తప్పడం చేస్తుంటే అది దినచర్య సమస్య కాకపోవచ్చు, వయసుతో మెదడు మందగించడం కావచ్చు. దానికి పరీక్ష వేరే, చికిత్స వేరే.

మీ విషయానికి వస్తే, రేపటి నుంచి ఎనిమిదింపావు బయట తిప్పడం, ఏడున్నర గిన్నె, రోజూ పదిహేను నిమిషాల సాయంత్రం వాకింగ్, ఈ మూడే మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మార్చకండి. గది తలుపు సంగతి వారం తర్వాత చూడొచ్చు. కెమెరా ఉంచండి. మధ్యాహ్నం పూట వాడు గుమ్మం వదిలి, పక్కకు వాలి, నాలుగు కాళ్లూ చాపి నిద్రపోతూ కనిపించిన రోజులు వరసగా వారం వచ్చాక, అవసరమైతే సాయంత్రం వాకింగ్‌ను పావుగంట అటూ ఇటూ జరపడం మొదలుపెట్టవచ్చు.